స్క్రైబ్ గదిలో డ్యూటీ పడితే

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. రాజోలు దగ్గర ప్రాథమిక బడిలో ఎస్జీటీని, సర్వీసు మూడేళ్ళు. మొన్న పదో తరగతి పరీక్షలకి నన్ను స్క్రైబ్ గదిలో వేశారు. కుర్రాడికి చూపు లేదు, అతను చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి స్క్రైబ్‌గా రాస్తోంది. సోషల్ రోజున ఒకచోట కుర్రాడు నోరు మెదపడం లేదు, అమ్మాయి మాత్రం గబగబా నాలుగైదు వరసలు రాసేసింది. "అతను చెప్పిందే రాయాలి" అని గదమాయించాను. "ముందే చెప్పేశానండీ" అన్నాడు కుర్రాడు. నమ్మలేదు. అమ్మాయి బిక్కచచ్చిపోయి ఏడుపు లంకించుకుంది. బయట కుర్రాడి నాన్న "మీకు జాలి లేదా?" అని పోట్లాటకొచ్చాడు. స్టాఫ్‌రూంలో "పాపం, చూసీ చూడనట్టు పోవాలయ్యా" అన్నారు. నాదే తప్పా? వచ్చే మార్చిలో మళ్ళీ వేస్తే ఏం చెయ్యాలి?

జవాబు: బాబూ, నీకంటే పెద్ద తప్పు నేను చేశాను, ముందు అది విను.

హెడ్మాస్టర్ని కాకముందు సంగతి. లంకలోంచి పడవ దాటి వచ్చే ఓ కుర్రాడికి ఇన్విజిలేటర్‌గా పడ్డాను. సెరిబ్రల్ పాల్సీ. చేతులు స్వాధీనంలో ఉండవు, మాట ముద్దముద్దగా వస్తుంది. స్క్రైబ్ ఏదో రాసి చదివి వినిపించడం, వీడు మోచేత్తో బల్ల మీద కొట్టడం. ఓసారి ఒక దెబ్బ, ఓసారి రెండు. బిట్ పేపర్‌కి సైగలనుకున్నాను. పెన్ను లాక్కుని, పరీక్ష సెంటరు చూసుకునే చీఫ్ సూపరింటెండెంటుకి కబురంపాను. 20 నిమిషాలకి తేలింది: ఒకటంటే సరే, రెండంటే కొట్టెయ్యి. అంతే. ఆ 20 నిమిషాలు వాడికి తిరిగివ్వాలని ఎవరికీ తట్టలేదు, నాక్కూడా. గంట కొట్టగానే పేపరు తీసేసుకున్నాను.

అంచేత కుర్రాడు మాట్లాడట్లేదు, కలం నడుస్తోంది అన్న ఒక్క ముక్కతో దొంగతనం అంటగట్టకు. చూపు లేని పిల్లలు చాలామంది జవాబంతా మనసులో కూర్చుకుని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. రాసేవాళ్ళు వెనకపడతారు. నాలుగైదు వరసలు బుర్రలో పెట్టుకుని రాయగల పిల్లలున్నారు, అరపేజీ మాత్రం మొయ్యలేరు. అనుమానం వస్తే జవాబు పూర్తయ్యాక కుర్రాణ్ణే అడుగు, "ఇప్పుడేం రాయించావు నాన్నా?" అని. రాయించినవాడు ఠక్కున చెబుతాడు. వేరేవాళ్ళ జవాబైతే తడుముకుంటాడు. అడగడానికి పట్టిన నిమిషాలు గడియారం చూసి రాసిపెట్టుకుని, చివర్లో కలపమని చీఫ్‌కి చెప్పు.

అలాగని స్టాఫ్‌రూం జాలి కూడా వద్దు. రేపు ఇంటర్లో ఆ అమ్మాయి పక్కన ఉండదు కదా. అసలు మోసం ఎక్కడ దూరుతుందో తెలుసా, చదివే గొంతులో. బిట్ ప్రశ్నకి నాలుగు జవాబులూ చదివేటప్పుడు సరైనదాని దగ్గర గొంతు కాస్త సాగుతుంది. ఒక్కోసారి ఆ పిల్లకే తెలీకుండా. నాలుగూ ఒకే వేగంతో రెండుసార్లు చదవమను. నువ్వు గుమ్మంలో కాదు, కలం కనపడేచోట కూర్చో.

ఇక రూలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక, 2018 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకి గంట. స్క్రైబ్‌ని సొంతంగా తెచ్చుకుంటే వాళ్ళ చదువు ఒక మెట్టు తక్కువుండాలని అప్పుడు అందులో పెట్టారు. పరీక్షకి రెండు రోజుల ముందే స్క్రైబ్‌ని కలుసుకునే వీలుండాలి. నేను చూసినంతలో ఈ చివరిదాన్నే గాలికొదిలేస్తారు, గొడవలన్నీ అక్కడే పుడతాయి. ఆ రోజు వీలైతే నువ్వూ వెళ్ళు. ఎలా చెబుతాడు, ఎంతెంత చెబుతాడు, ఎక్కడ ఆగుతాడు, సైగలున్నాయా? ఓ కాయితం మీద పెట్టి చీఫ్ చేత సంతకం చేయించు. వాళ్ళ నాన్నని కూడా అక్కడే కూర్చోబెట్టు. పరీక్షయ్యాక గేటు దగ్గర కంటే అప్పుడు మాట్లాడ్డం తేలిక.

ఇంకోటి. వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్లో 40 శాతం లేని పిల్లలకీ, రాయడం నిజంగా కష్టమైతే, స్క్రైబ్ రావచ్చు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, సివిల్స్ రాసే ఒకతనికి చెయ్యి పట్టేసే జబ్బుంటే ఆ మాటే చెప్పింది. దుర్వినియోగం అవుతుందన్న భయంతో అసలు సౌకర్యమే ఎత్తెయ్యకూడదంది. 2022 ఆగస్టులో దానికీ మార్గదర్శకాలొచ్చాయి. డాక్టరు కాయితం సరిగ్గా ఉందో లేదో చీఫ్ చూసుకుంటారు, నువ్వు శాతాల గోల పెట్టుకోకు.

ఆ అమ్మాయి ఈసారి తనే పదో తరగతి రాస్తుంది. మీ సెంటరే పడొచ్చు. హాల్లో నిన్ను చూసి బెదిరిపోకుండా, ముందే ఓసారి వాళ్ళ బడికెళ్ళి పలకరించి రా.