ఆకాశంలో కనబడిందల్లా ఏలియనేనా?

ప్రశ్న (మౌలాలి నుంచి ఒక పాఠకురాలు): 2022 డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే మా డాబా మీద నుంచి తెల్లగా మెరిసిపోతున్న గుండ్రటి వస్తువు చూశాం. ఎంతసేపు చూసినా కదల్లేదు. తర్వాత టీవీలో బెలూన్ అన్నారు. బెలూన్ అయితే గాలికి కొట్టుకుపోవాలి కదండీ?

జవాబు: అది బెలూనేనండీ, పైగా మీ ఇంటికి దగ్గర్లో ఎగరేసిందే. ఈసీఐఎల్ వైపు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది, దశాబ్దాలుగా అక్కడి నుంచి పరిశోధన బెలూన్లు పంపుతూనే ఉన్నారు. డిసెంబర్ 7న వెళ్లింది ఒక స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్‌ను, అంటే మనుషులు కూర్చునే గదిలాంటిదాన్ని పరీక్షించడానికి. అది వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో దిగితే చుట్టుపక్కల ఊళ్ల జనమంతా చూడ్డానికి ఎగబడ్డారు.

కదలకపోవడం సంగతి చెప్తాను. ఇక్కడి నుంచి వెళ్లే బెలూన్లు పల్చటి ప్లాస్టిక్ షీటుతో చేసినవి, మామూలుగా 50 నుంచి 85 మీటర్ల వెడల్పు, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. మనం ఎక్కే విమానం 10, 11 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అంత ఎత్తులో ఉన్నది గాలికి కొట్టుకుపోతున్నా కింద నుంచి చూసేవాళ్లకి తెలియదు, ఎందుకంటే పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేదు. మెరుపంటారా, మన వీధిలో ఇంకా తెల్లవారకముందే అక్కడికి ఎండ తగిలేసి ఉంటుంది. మౌలాలిలో ఉన్న మీకూ పటాన్‌చెరులో ఉన్నవాళ్లకీ సరిగ్గా తమ కాలనీ మీదే ఉందనిపించడం కూడా ఈ ఎత్తు వల్లే. మీరు చూసింది నిజం. ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దది అన్నది మాత్రం ఖాళీ ఆకాశంలో ఎవరి కంటికీ అందదు, పేరుమోసిన యూఎఫ్ఓ (ఏంటో తేలని ఎగిరే వస్తువు) కేసులు తిరగేస్తే సగం గొడవ ఇక్కడే.

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్, ఇంజినీరింగ్ విద్యార్థి): 1947లో అమెరికాలోని రోజ్‌వెల్‌ దగ్గర సైన్యమే ముందు ఫ్లయింగ్ డిస్క్ (ఎగిరే పళ్లెం) దొరికిందని ప్రకటించి, వెంటనే వాతావరణ బెలూన్ అని ప్లేటు ఫిరాయించింది. దాచడానికి ఏమీ లేకపోతే మాట ఎందుకు మార్చాలి సార్?

జవాబు: దాచడానికి ఉంది తమ్ముడూ, అందుకే మార్చారు. 1947 జులైలో న్యూమెక్సికోలో ఒక పశువుల క్షేత్రంలో దొరికింది రేకు కాగితం, రబ్బరు ముక్కలు, సన్నటి పుల్లలు. 1994లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ అసలు సంగతి ఒప్పుకుంది, అది ప్రాజెక్ట్ మొగల్ అనే రహస్య కార్యక్రమం తాలూకు సరంజామా అని. సోవియట్ యూనియన్ అణుబాంబు పేలిస్తే ఆ శబ్ద తరంగాలు పట్టుకోవడానికి బెలూన్ల వరసకి మైకులు కట్టి పైకి పంపేవాళ్లు. అంటే సర్కారు అబద్ధం చెప్పిన మాట నిజమే, నీ అనుమానం తప్పు కాదు. కానీ గ్రహాంతరవాసుల శవాల కథలు 1947లో లేవు, ముప్పై ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోని కేసుకి 1970ల చివర నుంచి అతుకుతూ వచ్చినవి. ఎయిర్‌ఫోర్స్ కూడా తక్కువ తినలేదు, ఆ శవాలు పారాచూట్ పరీక్షల బొమ్మలై ఉంటాయని 1997లో ఇంకో రిపోర్టు ఇచ్చింది. బొమ్మలు విసిరింది 1950లలో, కథేమో 1947ది, ఇలాంటి వివరణ ఇస్తే ఉన్న నమ్మకం కూడా పోదూ!

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): సామాన్యులు పొరబడ్డారంటే సరే. యుద్ధ విమానాల పైలట్లు, సైనికులు కూడా పొరబడతారా?

జవాబు: పడతారు. మన లద్దాఖ్‌లో 2012, 13లలో చైనా సరిహద్దు దగ్గర మన జవాన్లు రోజూ వెలుగులు చూసి, డ్రోన్లేమోనన్న టెన్షన్‌లో నెలల తరబడి లెక్క రాసిపెట్టుకున్నారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు చూసి తేల్చింది, అవి గురుడు, శుక్రుడు. కాపలా కాసేవాళ్లని ఎగతాళి చేయడానికి చెప్పట్లేదు, వాళ్ల పనే అనుమానించడం.

అయితే 2004 నవంబర్ నాటి నిమిట్జ్ కేసుని, అంటే ఆ పేరున్న అమెరికా యుద్ధనౌక పైలట్లు చూసినదాన్ని, అంత తేలిగ్గా తీసేయలేను. శాన్‌డియాగో తీరం అవతల కమాండర్ డేవిడ్ ఫ్రేవర్, రెక్కల్లేని తెల్లటి పొడుగాటి వస్తువు నీళ్ల మీద అటూఇటూ ఊగి, తన విమానం దగ్గరికి రాగానే తుర్రుమందని చెప్పాడు. మరో విమానంలో వాళ్లూ చూశారు. కాకపోతే జనమంతా చూసే వీడియో ఆయన తీసింది కాదు, తర్వాత వెళ్లిన ఇంకో విమానంలోంచి తీసింది. సాక్షి మాటలు ఒకవైపు, వీడియో ఒకవైపు, రెండూ ఒకే వస్తువువి అనుకోవడం మన పని అయిపోయింది.

2020లో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) అధికారికంగా విడుదల చేసిన మూడు వీడియోల్లో ‘గో ఫాస్ట్’ అనేదుంది. సముద్రాన్ని రాసుకుంటూ దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. తెర మీదున్న అంకెలతో లెక్కగడితే ఆ వస్తువు దాదాపు 13,000 అడుగుల ఎత్తులో ఉంది, నాసా కమిటీ 2023లో తేల్చిన వేగం గంటకు సుమారు 40 మైళ్లే. ఆ పరుగంతా వీడియో తీసిన విమానానిది.

ఇక యూఎఫ్ఓ ఫిర్యాదుల్ని విచారించిన అమెరికా ఎయిర్‌ఫోర్స్ ప్రాజెక్ట్ బ్లూబుక్‌ని 1969లో మూసేసేనాటికి చేరిన కేసులు 12,618, తేలనివి 701. కొందరు ఆ 701నీ ఏలియన్ ఖాతాలో వేసేస్తారు. పోలీస్ స్టేషన్లో దొంగ దొరకని కేసులన్నీ దెయ్యాల మీద రాసినట్టుంటుంది అది! 2023లో డేవిడ్ గ్రష్ అనే మాజీ నిఘా అధికారి అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి మరీ, ప్రభుత్వం దగ్గర పరాయి వాహనాలున్నాయని తనకు చెప్పారన్నాడు. ‘చెప్పారు’ అన్నాడు, చూశానని అనలేదు. 2024 మార్చిలో ఇలాంటి కేసులు చూసే పెంటగాన్ విభాగం ఆధారాల్లేవంది. వస్తువు బయటపడేదాకా నేను ఆ పక్షానికి రాను, అలాగని నిమిట్జ్ ఫైలు మూసేయమనీ అనను.

ప్రశ్న (ఉప్పల్, తొమ్మిదో తరగతి): రాత్రి రైలు పెట్టెల్లా వరసగా లైట్లు వెళ్లాయి. ఏంటవి?

జవాబు: ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు అయ్యుంటాయి, కొత్తగా ప్రయోగించిన కొన్ని రోజులు అలాగే వరసగా పోతాయి. ఈసారి కనిపిస్తే ఫోన్ జూమ్ చేయకు నాన్నా, ఉత్త చుక్క అలుక్కుపోయి పళ్లెంలా పడుతుంది. పక్కింటి వాటర్ ట్యాంకో, కరెంటు స్తంభమో ఫ్రేములో ఉండేలా పట్టుకుని, టైమూ దిక్కూ ఒక కాగితం మీద రాసి మాకు పంపు.