తెల్ల మెర్ల్ కుక్కపిల్ల పలకకపోతే మొండితనం అనుకోకండి

మీ రెండు నెలల కుక్కపిల్ల దాదాపు తెల్లగా ఉందని, తల్లీతండ్రీ రెండూ మెర్ల్ (పలచబడిన రంగు మీద ముదురు మచ్చలుండే బొచ్చు) రకమేనని, పిలిస్తే తిరిగి చూడదని రాశారు. అమ్మినాయన ‘మొండిది’ అన్నారట. నాకైతే చెవుడేమో అని అనుమానం.

మెర్ల్ జన్యువు తల్లీతండ్రుల్లో ఒకదాని నుంచే వస్తే రంగు అక్కడక్కడా పలచబడుతుంది, చాలావరకు అంతే. రెండింటి నుంచీ వస్తే చాలాచోట్ల రంగు కణాలే ఉండవు. లోపలి చెవి పనిచేయడానికీ ఆ కణాలు కావాలి, చిక్కంతా అక్కడే. ఇలాంటి జతకు పుట్టే ప్రతి పిల్లకూ ఈ జన్యువు రెండింటి నుంచీ వచ్చే అవకాశం 25 శాతం. డాల్మేషియన్ జాతి కుక్కల్లో చెవుడు ఎక్కువగా ఉండేదీ రంగు కణాల లోపంతోనే, జన్యువు వేరనుకోండి. అలాగని తెల్లకుక్కలన్నీ చెవిటివి కావు!

అది నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి తాళాలు మోగించండి. చప్పట్లు వద్దు, గాలి తగిలి లేస్తుంది. ఒక్క చెవే పోతే మాత్రం ఇంట్లో తేలదు, ‘బేర్’ అనే వినికిడి పరీక్ష చేయించాలి. కళ్లు కూడా చూపించండి, ఈ పిల్లల్లో కళ్లు చిన్నవిగా ఉండే లోపం తరచూ కనిపిస్తుంది.

చెవుడని తేలినా టెన్షన్ పడకండి, చేతి సైగలు ఇట్టే నేర్చుకుంటాయి. నిద్రలో మాత్రం హఠాత్తుగా ముట్టుకోవద్దు, ఉలిక్కిపడి కరవొచ్చు.