ఎం.ఎస్. చదువుకు వస్తున్నవారు వ్యాయామాన్ని వాయిదా వేయకండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి అమెరికా విశ్వవిద్యాలయాలకు వస్తున్న విద్యార్థులు వీసా గురించి, అద్దె గది గురించి, పార్ట్‌టైమ్ ఉద్యోగం గురించి ఎన్నో సందేహాలు అడుగుతారు గానీ ఆరోగ్యం ఊసెత్తేవారు అరుదు. ఇక్కడ స్థిరపడినవాడిగా నేను ముందుగా చెప్పదలచినది, ఉద్యోగం వచ్చాక చూసుకుందామని వ్యాయామాన్ని పక్కన పెట్టవద్దని.

ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో తెల్లవారుజామున నడిచినవారు, మొక్కుకున్నప్పుడల్లా అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు చేరినవారు కూడా ఇక్కడికి వచ్చిన కొద్ది నెలలకే తరగతి, ల్యాప్‌టాప్, మంచం తప్ప మరొకటి ఎరుగని స్థితికి రావడం నేను తరచుగా చూస్తున్నాను. మనవాళ్లకు ఇది మరింత ప్రమాదం. దక్షిణాసియా వారిలో మనిషి సన్నగా కనిపించినా పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, మధుమేహం చిన్న వయసులోనే మొదలవుతుంది. అందుకే ఆసియా జనాభా విషయంలో బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే లెక్క) 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే సూచించారు.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామం చేయాలని, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని అదే సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ రెండో భాగాన్ని మనవాళ్లు దాదాపుగా పట్టించుకోరు. నడక మంచిదే అయినా, దానితోనే సరిపెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఒకేసారి అరగంట దొరకకపోతే దిగులుపడనక్కరలేదు, ఎందుకంటే అయిదు నిమిషాల వేగమైన నడక కూడా లెక్కలోకి వస్తుంది.

జిమ్ ఖర్చని వెనకాడేవారు తమ ఫీజు రసీదు ఒకసారి చదవండి. చాలా విశ్వవిద్యాలయాలలో క్యాంపస్ వ్యాయామశాల రుసుము విద్యార్థి ఫీజులోనే కలిసి ఉంటుంది, కాబట్టి మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఆ డబ్బు కట్టినట్టే. ఉత్తరాది రాష్ట్రాలలో చలికాలం సాయంత్రం అయిదుకే చీకటి పడి, బయట మంచు గడ్డకట్టి ఉన్నప్పుడు ఆ చోటే మీకు ఆధారం.

క్రమం తప్పని వ్యాయామంతో నిద్ర కుదురుతుంది, పరీక్షల ఆందోళన తగ్గుతుంది, నలుగురు స్నేహితులూ దొరుకుతారు. అయితే దిగులు వారాల తరబడి వదలకపోతే వ్యాయామం ఒక్కటే చాలదు. ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు లేకుండా క్యాంపస్ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లండి. ఆస్తమా, గుండె జబ్బు వంటివి ఉన్నవారు పాత వైద్య కాగితాలు వెంట తెచ్చుకుని, ముందుగా విద్యార్థుల ఆరోగ్య కేంద్రంలో డాక్టరును కలిశాకే కసరత్తు మొదలుపెట్టండి.