నార్వేలో 1200 మంది ఉన్న కొండలోయ కూడా మున్సిపాలిటీ ఎలా అవుతుంది?

నార్వేలో మున్సిపాలిటీ కావడానికి కనీస జనాభా అనే షరతు లేదు. 1837 నాటి స్థానిక స్వపరిపాలన చట్టాలు ప్రధానంగా అప్పటి చర్చి పరిధులనే పాలనా హద్దులుగా తీసుకోవడంతో, పట్టణమే లేని లోయలకు కూడా ఎన్నికైన పాలకమండలి వచ్చింది. మంచు కురిసే నెలల్లో కొండ దాటి పక్క లోయకు వెళ్లడమే గగనమైన ఆ రోజుల్లో, జనం సహజంగా ఒకచోట చేరే పరిధి చర్చిదే.

దక్షిణాన సేతెస్‌దాల్ లోయలో, ఓత్రా నది ఒడ్డున ఉన్న వల్లె ఇందుకు మంచి ఉదాహరణ. దాదాపు 1265 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో సుమారు 1200 మందే నివసిస్తారు, ఎందుకంటే అధికభాగం నివాసయోగ్యం కాని ఎత్తైన కొండప్రాంతం. దీని హద్దులు మాత్రం స్థిరంగా లేవు: ఎగువనున్న బిక్లె 1902లో, దిగువనున్న హీలెస్తాద్ 1915లో విడిపోయాయి, హీలెస్తాద్ 1962లో తిరిగి కలిసింది, బిక్లె నేటికీ వేరుగానే ఉంది.

ఇంత చిన్నది కాబట్టి అధికారాలు నామమాత్రమేనని చాలామంది పొరబడతారు. నిజానికి బడి, ప్రాథమిక వైద్యం, వృద్ధుల సంరక్షణ, తాగునీరు, భూవినియోగ ప్రణాళిక వంటి బాధ్యతలు పెద్ద నగరానికి ఎన్నో వల్లెకూ అన్నే. ఖర్చుకు ప్రభుత్వ నిధులతో పాటు, ఓత్రా నీటితో నడిచే జలవిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే ఆదాయమూ తోడవుతుంది. నది లేని చిన్న మున్సిపాలిటీలకు ఈ వెసులుబాటు ఉండదు.