తోట సంగతి తర్వాత, ముందు ఆ 51 శాతం

ప్రశ్న: మాది మందస దగ్గర పల్లె. వెల్డర్‌గా షార్జా వచ్చి 16 ఏళ్లయింది. 9 ఏళ్ల కిందట సొంతంగా ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ పెట్టాను. లైసెన్సులో కఫీల్‌కు, అంటే నాకు స్పాన్సర్‌గా ఉన్న స్థానికుడికి 51 శాతం, నాకు 49 శాతం. పెట్టుబడి, లాభం అన్నీ నావే. ఆయనకు ఏటా ఫీజు కట్టేలా విడిగా ఒక ఒప్పందం రాసుకున్నాం. పోయిన ఏడాది ఆయన చనిపోయారు. ఇప్పుడు కొడుకులు ఫీజు రెట్టింపు చేయమంటున్నారు, మూడేళ్లకు నా సంతకంతో చెక్కులూ అడుగుతున్నారు. ఏడాదికి 14 లక్షల దిర్హాముల వ్యాపారం, 4.2 లక్షల లాభం ఉంటుంది. చట్టాలు మారాయని అందరూ అంటున్నారు. నాకేం మారింది? నా దగ్గర 40 లక్షల రూపాయలు ఉన్నాయి. తమ్ముడి పేరున జీడితోట కొనమని అమ్మ ఒకటే పోరు. ఏది ముందు చేయాలి?

జవాబు: ఆ 40 లక్షలు ఇప్పుడే కదపకండి. తోట ఎక్కడికీ పోదు. మీ వర్క్‌షాప్ మాత్రం ఈ రోజు కాగితం ప్రకారం సగానికి పైగా మీది కాదు.

కఫీల్ ఉన్నన్నాళ్లూ మాట మీద నడిచింది. ఇప్పుడు ఆయన వాటా వారసులకు వస్తుంది, వారికి మీతో ఏ మాటా లేదు. మీ విడి ఒప్పందం మీద ధీమా పెట్టుకోవద్దు. కంపెనీ పత్రం ఒకటి చెబుతుంటే పక్కన మరోటి రాసుకున్న కాగితం కోర్టులో నిలబడటం కష్టం. దాన్ని బయటపెడితే పేరొకరిది, వ్యాపారం ఒకరిది అని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

అయితే మీ చేతిలోనూ ఒక బలం ఉంది. ఫ్రీజోన్ల (విదేశీ వ్యాపారాల కోసం కేటాయించిన ప్రత్యేక ప్రాంతాల) బయట పెట్టే కంపెనీల్లో స్థానికుడికి 51 శాతం ఇవ్వాలన్న నిబంధన 2021 జూన్ 1 నుంచి చాలా వ్యాపారాలకు పోయింది. 2022 జనవరి 2 నుంచి కంపెనీల చట్టమే కొత్తది వచ్చింది. ఏ పనికి 100 శాతం ఇస్తారన్నది ఒక్కో ఎమిరేట్ చూసుకుంటుంది కాబట్టి, మీ లైసెన్సులో రాసున్న పని ఆ జాబితాలో ఉందో లేదో షార్జా ఆర్థికాభివృద్ధి శాఖలో మీరే వెళ్లి కనుక్కోండి. టైపింగ్ సెంటర్ కుర్రాడి మాట మీద ఇంత పెద్ద నిర్ణయం వద్దు.

జాబితాలో ఉంటే బేరం తీరే మారిపోతుంది. ఇన్నాళ్లూ కఫీల్ లేనిదే లైసెన్స్ లేదు. ఇప్పుడు మీరు కొత్త లైసెన్స్ మీ ఒక్కరి పేరున తీసుకోగలరు. ఆ సంగతి కొడుకులకూ తెలుసు, అందుకే మూడేళ్ల చెక్కుల కోసం తొందరపడుతున్నారని నాకు అనిపిస్తోంది. అయినా గొడవకు దిగకండి. ఆ తండ్రి వల్లే మీరు నిలబడ్డారు. రెండు మూడేళ్ల ఫీజుకు సమానమైన మొత్తం ఒకేసారి ఇచ్చి, నోటరీ దగ్గర వాటా బదిలీ చేయించుకోవడం నా లెక్కలో చవకే. బదిలీకి వారసులందరూ ఒప్పుకోవాలి. వారిలో మైనర్లు ఉంటే కోర్టు అనుమతి కూడా కావాల్సి రావచ్చు. అందుకే అక్కడి లాయర్‌కు పెట్టే ఖర్చు దగ్గర పిసినారితనం చూపకండి. మీ 40 లక్షల్లో మొదటి వాటా దీనికే.

ఇక చెక్కులు. బౌన్స్ అయితే జైలు లేదట కదా అని ఇక్కడికి వచ్చే గల్ఫ్ వాళ్లూ అడుగుతుంటారు. సగమే నిజం. 2022 జనవరి 2 నుంచి, ఖాతాలో డబ్బు చాలక బౌన్స్ అయితే అది మామూలుగా క్రిమినల్ కేసు కాదు. కావాలని ఖాతా మూసేసినా, దొంగ సంతకం పెట్టినా మాత్రం నేరమే. కానీ జైలు పోయిన చోటికి ఇంకోటి వచ్చింది. బౌన్స్ అయిన చెక్కు పట్టుకుని, మళ్లీ దావా వేయకుండా, నేరుగా అమలు కోర్టుకు, అంటే బాకీ వసూలు చేయించే కోర్టుకు వెళ్లొచ్చు. ఖాతా స్తంభింపజేస్తారు, దేశం దాటకుండా ఆపొచ్చు. ఊరికొచ్చేస్తే సరిపోతుందనీ అనుకోకండి. యూఏఈ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకునేలా 2020 జనవరిలో భారత ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి ఖాళీ చెక్కు, హామీ చెక్కు ఏదీ ఇవ్వకండి.

పన్ను చిన్న సంగతే, కానీ నిర్లక్ష్యం చేస్తే ఖరీదవుతుంది. లాభంలో 3.75 లక్షల దిర్హాములు దాటిన దాని మీద 9 శాతం కార్పొరేట్ పన్ను. మీకు దాటింది 45 వేలు, పన్ను 4,050. వ్యాపారం 30 లక్షల లోపే కాబట్టి చిన్న వ్యాపారాల ఊరట కోరుకుంటే ఆ పన్నూ ఉండదు. ఈ ఊరట 2026 డిసెంబర్ 31 లోపు ముగిసే లెక్కల సంవత్సరాల వరకే. పన్ను సున్నా అయినా రిజిస్టర్ కావాలి, రిటర్ను వేయాలి. రిజిస్ట్రేషన్ ఆలస్యానికి జరిమానా 10,000 దిర్హాములు, అంటే పన్నుకు రెండింతలకు పైనే! వ్యాట్‌లోనూ 3.75 లక్షల అంకే ఉంది గానీ అది లాభం కాదు, అమ్మకం. మీ 14 లక్షలు దాన్ని ఎప్పుడో దాటేశాయి. ఈ రెండూ కలిపేసుకుని ఇబ్బంది పడ్డవాళ్లు ఉన్నారు.

వాటా మీ పేరుకు వచ్చిన వారమే వీలునామా రాయండి. అక్కడ ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి విడిగా పౌర చట్టం ఉంది. వీలునామా లేకపోతే సగం భార్యకు, మిగతా సగం పిల్లలకు సమానంగా. భార్యాపిల్లలు ఉంటే తల్లికి రాదు. మన హిందూ వారసత్వ చట్టంలో తల్లికి కూడా భార్యాపిల్లలతో సమాన వాటా ఉంది. అమ్మకు ఏమైనా ఇవ్వాలనుకుంటే మీరే రాయాలి. దుబాయ్ ఆర్థిక కేంద్రం డీఐఎఫ్‌సీలోనూ, అబుదాబి న్యాయశాఖలోనూ ముస్లిమేతరుల వీలునామాలు నమోదు చేస్తారు.

అమ్మ అడిగిన తోట సంగతి. ఉద్దానంలో పుట్టినవాడికి జీడితోట మీద మనసు ఉండకుండా ఎలా ఉంటుంది! కానీ ఎన్‌ఆర్‌ఐగా మీరు వ్యవసాయ భూమి, తోట కొనకూడదు, ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మీ డబ్బుతో తమ్ముడి ఒక్కడి పేరున కొంటే బినామీ చట్టం కిందికి వస్తుంది. తోబుట్టువుల పేరున కొనేటప్పుడు మీరు ఉమ్మడి యజమానిగా ఉంటేనే మినహాయింపు, తోటకు అది మీకు కుదరదు. షార్జాలో కఫీల్ ఉన్న స్థానంలో ఇక్కడ తమ్ముణ్ణి కూర్చోబెట్టడమే ఇది. తమ్ముడికి మనస్ఫూర్తిగా డబ్బు కానుకగా ఇచ్చి, తోట అతనిదే అనుకోగలిగితే ఇవ్వండి. జీడిపిక్కల ధర ఏటా ఒకలా ఉండదు, 2018 తిత్లీ తుపాను ఎన్ని చెట్లు పడగొట్టిందో మీ ఊళ్లోనే అడగండి.

ఇన్నాళ్లూ మందసలో పాత సేవింగ్స్ ఖాతాకే డబ్బు పంపుతుంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్‌ఆర్‌ఐల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతాగా మార్పించండి. కొత్తగా ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన పంపుకునే) ఖాతా తెరిచి, వాటా బదిలీకి ఎంత అవుతుందో తేలేదాకా ఇకపై పంపే డబ్బు అందులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచండి. ఆ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అన్నీ అయ్యాక ఇంకా 20 లక్షలు మిగిలితే పలాసలోనో శ్రీకాకుళంలోనో ఇంటి స్థలం చూద్దాం. అది మీరు కొనొచ్చు, మీ పేరునే.