టెక్ సందేహాలు: పొద్దున్నే ఫోన్‌తో పేచీ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఉదయం గురించే. అందరూ అడిగింది ఏ యాప్ వేసుకోవాలని. నా జవాబులు మాత్రం ఏది ఆపేయాలన్న దగ్గరే తేలాయి. ఏమనుకోకండి.

ప్రశ్న: ఐదింటికి లేద్దామని 5:00, 5:10, 5:20, 5:30, 5:45కి అలారాలు పెట్టుకుంటున్నాను. తీరా లేచేది ఆరింటికే. లెక్క చేస్తేనే ఆగే అలారం యాప్ ఉందట. వేసుకోమంటారా?

జవాబు: మీ ఫోన్ ఐదు సార్లు ఐదు మాటలు చెబుతోంది. మీ ఒళ్లు మాత్రం రోజూ ఒకటే మాట మీద ఉంది: ఆరింటికి. ఈ తగాదాలో నేను ఒంటి పక్షం.

నిద్ర లేవగానే ఉండే మత్తు సాధారణంగా 15 నుంచి 30 నిమిషాల్లో వదులుతుంది, ఒక్కోసారి గంట కూడా పట్టొచ్చు. మీరు చేస్తున్నదల్లా ఆ మత్తులోకి మళ్లీ మళ్లీ జారడమే. లెక్కల యాప్ పనిచేయదని కాదు. పరీక్షో ప్రయాణమో ఉన్న రోజున బాగా పనికొస్తుంది. రోజూ అంటే మాత్రం కళ్లు తెరవకముందే మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచినట్టు ఉంటుంది. వారం తిరక్కుండా ఆ యాప్‌ను తీసేయడమెలాగో మీకే తెలిసిపోతుంది.

అలారాలన్నీ తీసేసి 5:50కి ఒక్కటి ఉంచండి. సెలవు రోజు కూడా అదే టైము. గూగుల్ క్లాక్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో శబ్దం మెల్లగా పెరిగే ఏర్పాటు ఉంది, ఆన్ చేయండి. స్నూజ్, అంటే కాసేపు ఆగి మళ్లీ మోగడం, మామూలుగా 10 నిమిషాలకు ఉంటుంది, దాన్నీ అక్కడే మార్చుకోవచ్చు. ఒక్కసారి స్నూజ్ కొడితే తప్పు లేదు. మూడోసారి కొడుతున్నారంటే అలారం టైమే తప్పు. వారం పది రోజులు కుదురుకున్నాక, నిజంగా ఐదున్నరకే లేవాల్సిన పని ఉంటే, పది నిమిషాల చొప్పున ముందుకు జరుపుతూ రండి. పడుకునే టైమునూ అంతే జరపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. క్లాక్ యాప్‌లో ‘బెడ్‌టైమ్’, ఐఫోన్‌లో అయితే హెల్త్ యాప్‌లోని స్లీప్ షెడ్యూల్ పడుకునే వేళయిందని గుర్తుచేస్తాయి. పొద్దున మోగే అలారం కన్నా నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది.

ఇంకో మాట. ఇష్టమైన పాటను అలారంగా పెట్టుకోకండి. నాకు అలాగే ఒక మంచి పాట శాశ్వతంగా దూరమైంది.

ప్రశ్న: లేవగానే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. వాట్సాప్ ఒక్కసారి చూసి పెట్టేద్దామనుకుంటే అరగంట అయిపోతుంది. అమ్మానాన్న వేరే ఊళ్లో ఉంటారు, పెద్దవాళ్లు. ఏ వేళలో ఫోన్ వస్తుందోనని ఆపేయలేను.

జవాబు: ఆపేయక్కర్లేదు. ఎవరెవరి ఫోను మోగాలో చెప్పి ఉంచితే చాలు.

సెట్టింగ్స్‌లోని సెర్చ్ బాక్సులో ‘డు నాట్ డిస్టర్బ్’ అని కొట్టండి. మీరు అనుమతించినవి తప్ప మిగతా మోతలన్నీ ఆపి ఉంచే ఏర్పాటు అది. కంపెనీని బట్టి అది ఉండే చోటు మారుతుంది కాబట్టి వెతకడమే తేలిక. ఆండ్రాయిడ్‌లో అయితే అమ్మానాన్నల నంబర్లకు కాంటాక్ట్స్‌లో స్టార్ పెట్టి, స్టార్ ఉన్నవాళ్ల కాల్స్‌ను అనుమతించండి. ఐఫోన్‌లో ఫోకస్‌లోకి వెళ్లి వాళ్ల పేర్లు చేర్చండి. దాని కిందే ‘రిపీట్ కాలర్స్’ అనో ‘రిపీటెడ్ కాల్స్’ అనో ఉంటుంది. అదీ ఆన్‌లో ఉండాలి. ఒకే నంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే అది మోగుతుంది. వెంటనే అంటే ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు. నాన్నగారి ఫోన్ చార్జింగ్ అయిపోయి పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసే పరిస్థితికి ఇదే ఆసరా. "అర్జెంటైతే వెంటనే రెండోసారి కొట్టండి" అని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఒక రాత్రి వాళ్ల చేత చేయించి చూసుకుంటే మీ మనసూ కుదుటపడుతుంది. ఆండ్రాయిడ్ వాళ్లు అలారాలకు అనుమతి ఉందో లేదో కూడా అక్కడే చూసుకోవాలి.

అసలు కిటుకు ఈ డు నాట్ డిస్టర్బ్ ఆగే టైములో ఉంది. అందరూ లేచే వేళకే ఆగిపోయేలా పెడతారు. అలారం ఆపడానికి ఫోన్ పట్టుకునేసరికి రాత్రంతా పోగైనవన్నీ మీద పడతాయి. లేచాక ఇంకో ముప్పావు గంట నడిచేలా పెట్టండి. అలారం మోగగానే ముగిసే ఆప్షన్ కనిపిస్తే తీసేయండి. ఐఫోన్‌లోని స్లీప్ ఫోకస్ లేచే టైముకే దానంతటదే ఆగిపోతుంది కాబట్టి, ఆ తర్వాతి ముప్పావు గంటకు డు నాట్ డిస్టర్బ్‌ను విడిగా షెడ్యూల్ చేసుకోవాలి.

మెసేజ్‌ల వరద ఎక్కువగా ఉండే వాట్సాప్ గ్రూపులను ఆర్కైవ్ చేయండి. కొత్త మెసేజ్ వచ్చినా పైకి రావు. గ్రూపులోంచి వెళ్లిపోయారని ఎవరూ నొచ్చుకోరు కూడా. వాతావరణం, ఆ రోజు పనులు విడ్జెట్లుగా తెర మీదే కనిపించేలా పెట్టుకుంటే ‘అది చూద్దామనే తీశాను’ అన్న సాకూ పోతుంది.

ప్రశ్న: హాయిగా నిద్ర లేచాను. వాచ్‌లో స్లీప్ స్కోర్ 58 అని చూడగానే నీరసం వచ్చేసింది. వాచ్‌ను నమ్మాలా, నన్ను నేను నమ్మాలా?

జవాబు: మిమ్మల్నే. నిద్రలోని దశలను కచ్చితంగా తేల్చడానికి ల్యాబ్‌లో మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, కండరాల బిగువు చూస్తారు. మణికట్టు మీది వాచ్‌కు అందేది చేతి కదలిక, నాడి, అలాంటివి మరికొన్ని. వాటి నుంచి అది ఊహిస్తుంది. ఎన్ని గంటలు పడుకున్నారో సుమారుగా చెప్పగలదు. గాఢ నిద్ర ఇన్ని నిమిషాలు అన్నదాన్ని మాత్రం అంచనాగానే తీసుకోండి. ఇలా ట్రాకర్ అంకెల గురించే దిగులుపడి నిద్ర చెడగొట్టుకునేవాళ్లను చూసి, 2017లో అమెరికా పరిశోధకులు దానికి ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు.

ఉదయాన్నే స్కోర్ చూపే నోటిఫికేషన్ ఆపేయండి. వారానికోసారి సగటు చూస్తే చాలు. గట్టిగా గురక, పగలంతా తూగు ఉంటే మాత్రం స్కోర్ 90 వచ్చినా డాక్టర్‌ను కలవండి.

ప్రశ్న: ధ్యానం, నడక, డైరీ, చదువు, ఇలా ఎనిమిది పనులను హ్యాబిట్ యాప్‌లో పెట్టుకున్నాను. 23 రోజుల స్ట్రీక్ (ఒక్క రోజూ తప్పని వరుస) ఒక్క జ్వరంతో సున్నా అయింది. మళ్లీ మొదలుపెట్టాలనిపించడం లేదు.

జవాబు: సున్నా అయింది యాప్‌లోని అంకె. మీ అలవాటు కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి చూశారు. అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా తేడా రాలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్, కొత్త ముఖానికి అలవాటుపడే తన పేషెంట్లను చూసి రాసిన దాన్నుంచి పాకింది. ఆయన కూడా ‘కనీసం’ అన్నాడు. ఆ ముక్క దారిలో జారిపోయింది.

ఎనిమిదిలో రెండు ఉంచండి. ‘రోజూ’ అన్న లక్ష్యాన్ని ‘వారానికి ఐదు రోజులు’గా మార్చండి. ఆ వీలు లేని యాప్ అయితే తీసేసి గోడ మీది క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకోండి. అది జ్వరం వచ్చిందని పాత టిక్కులు చెరిపేయదు.

ప్రశ్న: తెల్లారినట్టు మెల్లగా వెలిగే అలారం లైటు కొనాలా?

జవాబు: మీ గదికి పొద్దుటి వెలుగు వస్తుంటే అక్కర్లేదు, కర్టెన్ తీసి పడుకోండి. కిటికీ లేని గదో, చీకటుండగానే లేవాల్సిన ఉద్యోగమో అయితే పనికొస్తుంది. ఇంట్లో స్మార్ట్ బల్బు ఉంటే ముందు దాని యాప్‌లో ‘సన్‌రైజ్’ లాంటిది ఉందేమో చూడండి. ఏది కొన్నా లేచాక పది నిమిషాలు బయటికి వెళ్లండి. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుతురు గదిలోని లైటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ప్రశ్న: మావారు నైట్ డ్యూటీ చేసి పడుకుంటారు. నా అలారానికి ఆయనా లేస్తున్నారు.

జవాబు: వైబ్రేషన్ అలారం ఉన్న వాచ్ గానీ, మామూలు ఫిట్‌నెస్ బ్యాండ్ గానీ సరిపోతుంది. శబ్దం ఆపేసి చేతికి పెట్టుకుని పడుకోండి. చార్జింగ్ మాత్రం సాయంత్రమే పెట్టేయండి. రాత్రికి పెట్టారంటే, తెల్లారి మీ వాచ్ చార్జర్ మీద తనకు తానే వణుక్కుని ఊరుకుంటుంది.