ఐస్ డబ్బా లేకుండా ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లకు

అమ్మడూ,

నీ పీహెచ్‌డీ సంగతి మీ అమ్మ చెప్పింది. క్యాన్సర్ కణాల్లో ప్రొటీన్ల మీద ఫాస్ఫేట్ ఎలా చేరుతుందో, మందు పడితే ఎలా తగ్గుతుందో చూస్తావట. ఎంత గర్వంగా ఉందో! టెన్షన్ కూడా అంతే ఉంది.

నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. గ్లవ్స్ మర్చిపోకు. వేళకు తిను.

అసలు చెప్పాల్సింది శాంపిల్ గురించి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పక్క ల్యాబ్‌లో ఒకాయన రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఏ కైనేజ్‌లు (ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) పనిచేస్తున్నాయో చూసేవారు. థియేటర్‌లో గడ్డ ఎప్పుడు తీశారో ఎవరూ రాసేవారు కాదు. కొన్ని వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో పడేవి, కొన్ని ట్రేలోనే ఉండిపోయేవి. రక్తం అందడం ఆగినా గడ్డలో ఎంజైములు ఆగవు కదా. ఫాస్ఫటేజ్‌లు ఫాస్ఫేట్లను ఊడబెరుకుతూనే ఉంటాయి. ఆక్సిజన్ అందక కొన్ని ప్రొటీన్ల మీద కొత్తవి చేరతాయి కూడా. చివరికి ఆయన చూసిన తేడాల్లో జబ్బువేవో, ట్రేలో గడిచిన టైమువేవో విడదీయడం ఎవరి వల్లా కాలేదు. ఏళ్ల పని పోయింది. ఆ గడ్డలిచ్చిన ఆడవాళ్లలో చాలామంది అప్పటికే లేరు తల్లీ, మళ్లీ ఎవరిని అడుగుతాం?

అందుకే ఐస్, ఫాస్ఫటేజ్‌లను ఆపే ఇన్హిబిటర్లు కలిపిన బఫర్ ద్రావణం సిద్ధమయ్యాకే కదులు. సర్జన్ రక్తనాళం కట్టేసిన టైము, నువ్వు ఫ్రీజ్ చేసిన టైము రెండూ రాయి. తర్వాత రాస్తాలే అంటే మాత్రం ఊరుకోను.

మీ తాతయ్యకు వచ్చిన క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ సంగతే చూడు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే కైనేజ్ ఆపకుండా ప్రొటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దానికి ఫాస్ఫేట్ అందించే ఏటీపీ చేరే చోట ఇమాటినిబ్ అనే మందు చేరి దాన్ని ఆపుతుంది. ఆ మందు అమెరికాలో 2001లో అనుమతి పొందింది. మా నాన్న అప్పటికే వెళ్లిపోయారు. అదే ఏడాది అమెరికా పరిశోధకుడు చార్ల్స్ సాయర్స్ బృందం, మందు వాడుతున్నా జబ్బు తిరగబెట్టిన రోగుల కణాల్లో బీసీఆర్-ఏబీఎల్ ఫాస్ఫేట్ తగిలించే సీఆర్‌కేఎల్ ప్రొటీన్ మీద ఫాస్ఫేట్ మళ్లీ పెరగడం చూసింది. బీసీఆర్-ఏబీఎల్ తిరిగి లేచిందని అలా తెలిసింది. కొందరిలో బీసీఆర్-ఏబీఎల్‌లోనే టీ315ఐ అనే జన్యు మార్పు దొరికింది. దానికీ పనిచేసే పొనాటినిబ్ అనే మందు 2012లో వచ్చింది. ఆ కణాలు బల్లమీద పడి ఉండి ఫాస్ఫేట్ పోయుంటే ఏం కనిపించేది?

రోగి దగ్గర సమ్మతి సంతకం తీసుకునేటప్పుడు నిలబడి మాట్లాడకు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చో. నాన్నతో అలా కూర్చుని మాట్లాడిన డాక్టర్ ఒక్కరే, ఆయన వస్తే నాన్న ముఖం విప్పారేది.

రాత్రి ఆలస్యమైతే ఒక్కదానివే రాకు. ఆటో ఎక్కగానే నాకు మెసేజ్ పెట్టు, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ